ముందు కొలబద్ద, ఆ తర్వాతే మందు సీసా

మొక్క ఏపుగా పెరిగితే కాపు బాగుంటుందని పత్తి రైతు చాలాకాలం నమ్మాడు. ఇప్పుడు మొక్కను పొట్టిగా ఆపితేనే కాపు అనే మాట గట్టిగా వినిపిస్తోంది. పత్తిలో మెపిక్వాట్ క్లోరైడ్, క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్, మామిడిలో పాక్లోబ్యూట్రజోల్ అనే ఎదుగుదల నియంత్రకాలు ఈ మాటకు బలం. దుకాణంలో వీటినే వరసగా చమత్కార్, లిహోసిన్, కల్టార్ అంటే అందరికీ తెలుస్తుంది. ఈ మందులు పనిచేయవని నేననను. మొక్క ఎత్తును ఇంత నమ్మకంగా తగ్గించే పదార్థాలు వ్యవసాయంలో అరుదు. నా అభ్యంతరం వాడే పద్ధతి మీద. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నేల, నీరు పక్కపక్క ఊళ్లలోనే మారిపోతాయి. ఇలాంటి చోట మొక్కను కొలవకుండా క్యాలెండర్ చూసి మందు కొట్టడం జూదం. ఆ జూదంలో ఓడిపోయేవాడు ఒకడు, పందెం కాసేవాడు ఇంకొకడు కావడం మరింత ప్రమాదం.

ఈ మందుల కథ వరి పొలంలో మొదలైంది. జపాన్‌లో కొన్ని వరి మొక్కలు పక్కవాటికంటే సన్నగా, పొడవుగా సాగి గింజ పట్టకుండానే చచ్చిపోయేవి. ఒక శిలీంధ్రం విడుదల చేసే పదార్థమే దీనికి కారణమని 1926లో శాస్త్రవేత్త కురొసావా చూపించాడు. 1930లలో మరో శాస్త్రవేత్త యబుతా దానికి గిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. మొక్కలు కూడా దాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయని, కణుపుకూ కణుపుకూ మధ్య దూరాన్ని సాగదీసేది అదేనని తర్వాత తేలింది. 1966లో విడుదలైన ఐఆర్-8 వరి పొట్టిగా నిలబడి ఎరువును తట్టుకోవడానికి కారణం ఆ మొక్కలో గిబ్బరెల్లిన్ తయారీ తక్కువగా ఉండటమే. హరిత విప్లవం జన్యువు ద్వారా సాధించిన పొట్టితనాన్నే ఈ మందులు బయటి నుంచి, తాత్కాలికంగా తెస్తాయి. ఒక్క తేడా ఉంది. ఐఆర్-8ను శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరీక్షించి, పొట్టితనంతో పాటు దిగుబడి కూడా ఉన్నదాన్నే ఎంచుకున్నారు. సీసాలోని మందుకు అలాంటి ఎంపిక తెలియదు. అది మొక్కకు తిండి పెట్టదు, నీళ్లివ్వదు. కొనకు పోయే బలాన్ని ఆపుతుందంతే. ఆగిన బలం కాయకు చేరుతుందా లేదా అన్నది నీటి మీద, పోషకాల మీద, మొక్క మీద అప్పటికే ఉన్న కాయల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే పలు దేశాల్లో దశాబ్దాలుగా జరిగిన పత్తి ప్రయోగాల్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. మెపిక్వాట్ కొడితే ఎత్తు తగ్గడం దాదాపు ప్రతిచోటా జరిగింది. దిగుబడి మాత్రం ఒకచోట పెరిగింది, ఒకచోట మారలేదు, ఇంకోచోట తగ్గింది.

ఆ మూడు ఫలితాలకూ చోటున్న ప్రాంతం మనది. తెలంగాణలో బాగా తక్కువ వాన పడే జిల్లాలివి. జూరాల, రాజోలిబండ, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీరు చేరిన చోట నల్లరేగడిలో పత్తి నడుం దాటి, ఛాతీ దాటి పెరుగుతుంది. పత్తి స్వతహాగా బహువార్షిక మొక్క. అదను దొరికితే ఎదుగుతూనే ఉంటుంది. కాలువ నీరు, దాని మీద యూరియా, పైగా మబ్బు పట్టిన రోజులు కలిసొస్తే కింది కొమ్మలకు వెలుతురు అందదు, గూడ రాలుతుంది, అడుగు కాయలు కుళ్లుతాయి. అలాంటి చేనులో మెపిక్వాట్‌కు అర్థముంది. అదే మండలంలో, కాలువ అందని ఎర్ర చెల్కలో పత్తి వానకే పుట్టి వానకే పెరుగుతుంది. ఆగస్టులో రెండు మూడు వారాలు చినుకు లేకపోతే అక్కడ కణుపులు వాటంతటవే దగ్గరపడతాయి. బెట్టకొచ్చిన మొక్కకు పొట్టి మందు కొడితే, ఆ తర్వాత వాన పడినా అది వెంటనే తేరుకోలేదు. కొత్త కణుపులు, వాటి మీద రావాల్సిన కొత్త గూడ ఆలస్యమవుతాయి. పైగా ఈ మందు కొట్టాక ఆకు ముదురు ఆకుపచ్చగా మారుతుంది. చేను కళ తిరిగిందని, మందు బలమిచ్చిందని రైతు అనుకుంటాడు. ఆకు చిన్నదై పచ్చదనం దగ్గరపడటం వల్ల వచ్చిన రంగది.

ఇంకో చోద్యం కూడా ఉంది. గిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని నామమాత్రపు మోతాదులో కలిపిన ద్రావణాలు పత్తికి ఎదుగుదల మందులుగా అమ్ముడవుతాయి. పంట తొలిదశలో దాన్ని కొట్టి, తర్వాత ఎత్తు ఎక్కువైందని గిబ్బరెల్లిన్‌ను అడ్డుకునే మందు కొట్టడమంటే ఒకే బండిలో యాక్సిలరేటరు, బ్రేకు రెంటికీ డబ్బు కట్టి తొక్కడమే.

కొలిచి వాడటం ఎలాగో తెలుసుకోవడానికి మన పంటతో సంబంధం లేని ఒక పూలమొక్కను చూడవచ్చు. క్రిస్మస్‌కు ఎర్రటి ఆకులతో గుబురుగా కనిపించే పాయిన్‌సెటియాను అమెరికా, ఐరోపాల్లో గ్రీన్‌హౌస్‌లలో లక్షల కుండీల్లో పెంచుతారు. కుండీ ఇంత ఎత్తే ఉండాలని కొనేవాడి షరతు. అక్కడా వాడేది క్లోర్‌మెక్వాట్, పాక్లోబ్యూట్రజోల్ వంటివే. కానీ 1990 ప్రాంతంలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఒక సాదా పద్ధతి ప్రచారం చేశారు. నాటిన నాటి నుంచి అమ్మకం రోజు దాకా మొక్క ఏ వారానికి ఎంత ఎత్తుండాలో ముందే గీత గీసుకుంటారు. కొన్ని మొక్కల్ని వరసగా కొలుస్తూ ఆ గీత పక్కన చుక్కలు పెడతారు. చుక్క గీత దాటితేనే మందు. దాటకపోతే సీసా మూత తీయరు. అంతకుముందే ఉష్ణోగ్రతతో, కొనలు తుంచడంతో, కుండీల మధ్య ఎడంతో సర్దుకునే ప్రయత్నం చేస్తారు. అమెరికా పత్తి రైతులు ఇంకా తేలికైన కొలత వాడతారు. మొక్క కొన నుంచి కిందికి లెక్కపెట్టి నాలుగో కణుపుకూ ఐదో కణుపుకూ మధ్య దూరం చూస్తారు. అది సాగుతుంటే మొక్క అదుపు తప్పుతోందని, దగ్గరగా ఉంటే మందు అక్కర్లేదని అర్థం. నాలుగు చోట్ల ఐదేసి మొక్కలు చూడటానికి అరగంట పట్టదు. దీనికి కావాల్సింది బడిపిల్లల సంచిలో ఉండే స్కేలే.

అధిక సాంద్రత పత్తి వచ్చాక ఈ లెక్కలు పాతబడ్డాయన్నది ఒక అభ్యంతరం. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ 2023-24 నుంచి తెలంగాణ సహా 8 రాష్ట్రాల్లో దగ్గర దగ్గరగా నాటే పద్ధతిని పెద్ద ఎత్తున ప్రదర్శించింది. సాళ్ల మధ్య 90, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లతో నాటితే ఎకరాకు 7,500 మొక్కలు పడతాయి. మొక్కల మధ్య 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే 30,000. ఇన్ని మొక్కలు ఛాతీ ఎత్తు పెరిగితే చేను అడవవుతుంది కనుక ఈ పద్ధతిలో మెపిక్వాట్ భాగమే. పూత మొదలయ్యే దశ నుంచి రెండు విడతలు కొట్టమని సలహా. దీన్ని కాదనలేం. ఒకే విడతలో కాయ పగిలి, గులాబీ రంగు పురుగు ఉద్ధృతం కాకముందే చేను ఖాళీ అయితే ఇక్కడి రైతుకు అది నిజమైన లాభం. అయితే ఈ పద్ధతి తేలిక నేలల కోసమే ప్రధానంగా ఉద్దేశించిందని, తేలిక నేలలో బెట్ట వస్తే మొక్క తానే పొట్టిగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. విత్తనంతో పాటు మందు కూడా సలహా చీటీలో చేరితే, వాన పడని ఏడాదిలోనూ రైతు దాన్ని కొట్టేస్తాడు, చీటీలో ఉంది కాబట్టి. దగ్గరగా నాటిన చేనులోనే కొలత ఎక్కువ అవసరం. అక్కడ తప్పు జరిగితే నష్టపోయేది ఎకరాకు 30,000 మొక్కలు.

ఇదంతా పత్తి సంగతి. పత్తిలో తప్పు చేస్తే ఆ ఏడాదితో పోతుంది. మామిడిలో తప్పు చెట్టు ఒంట్లో ఉండిపోతుంది. కొల్లాపూర్ మామిడికి హైదరాబాద్ మార్కెట్‌లో పేరుంది. ఆ పేరుకు మూలం దశాబ్దాల వయసున్న బంగినపల్లి తోటలు. పాక్లోబ్యూట్రజోల్‌ను చెట్టుకు పిచికారీ చేయరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేల తడిగా ఉన్నప్పుడు మొదలు చుట్టూ పోస్తారు. వేరు పీల్చి పైకి పంపుతుంది. చిగురు ఆగుతుంది, పూత ముందుగా, నిండుగా వస్తుంది. కొంకణ్‌లోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1980ల చివరి నుంచి అల్ఫాన్సో మీద దీన్ని పరిశీలించి, కొమ్మల గొడుగు వ్యాసంలో మీటరుకు సుమారు 3 మిల్లీలీటర్ల లెక్క ఇచ్చింది. ఆరు మీటర్ల గొడుగుకు 18 మిల్లీలీటర్లన్నమాట. ఇక్కడా కొలతే. బక్క చెట్టుకు, చిన్న చెట్టుకు వద్దని, కత్తిరింపులు, పశువుల ఎరువు లేకుండా వద్దని కూడా ఆ సలహాలోనే ఉంది. ఆ రెండో సగాన్ని పాటించేవాళ్లు తక్కువ. మందు నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా నిలుస్తుంది. కిందటేడు పోసింది కరగకముందే ఈ ఏడు అదే మోతాదు పోస్తే చిగుళ్లు కురచబడి ఆకులు గుత్తికడతాయి. పూత కాడ సాగకుండా ముద్దగా వస్తుంది. ఆ ముద్దలో తేనెమంచు పురుగు, బూడిద తెగులు దాక్కుంటాయి. పైనుంచి కొట్టే మందు లోపలికి చేరదు. ఏటా కాయ మోసి, కొత్త చిగురు వేయలేని చెట్టు కొన్నేళ్లకు డస్సిపోతుంది.

మరి అంత మోతాదు పోసేదెవరు? చాలా తోటలు పూత మీదే, లేదా రెండు మూడేళ్ల కాలానికి గుత్తకు పోతాయి. గుత్తేదారుకు కావాల్సింది ఈ ఏడాది, మహా అయితే వచ్చే ఏడాది కాపు. అతని లెక్కలో ఎక్కువ మోతాదు తప్పు కాదు, తెలివైన పని. పదేళ్ల తర్వాత ఆ చెట్టు ఎలా ఉంటుందన్నది అతని పుస్తకంలో లేని పద్దు. కొంకణ్‌లోనూ గుత్తల పద్ధతి తోటలను ఇలాగే అలసట పాలు చేసిందన్న ఫిర్యాదు కొత్తది కాదు. గుత్తేదారును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. తెగులు, గాలివాన, ధరల పతనం అన్నీ అతని నెత్తిన వేసి, చెట్టు ఆరోగ్యాన్ని కూడా అతనే చూడాలనడం అత్యాశ. తోట యజమాని చేయగలిగింది చిన్నది. గుత్త కాగితంలో కల్టార్ పోయవచ్చా, పోస్తే ఏ చెట్లకు, మీటరుకు ఎంత, వరసగా ఎన్నేళ్లు అన్న నాలుగు వాక్యాలు చేర్చడం, పోసే రోజు తోటలో ఉండటం. ఊరి పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటతో సాగే గుత్తల్లో కూడా ఈ షరతు మాట్లాడుకోవచ్చు.

గద్వాల విత్తన పత్తిలో ఇదే చిక్కు మరో రూపంలో ఉంది. అక్కడ సాయంత్రం మొగ్గల్ని గిల్లి, మర్నాడు పొద్దున మగ పువ్వుతో చేత్తో సంపర్కం చేస్తారు. ప్రతి పువ్వూ కూలీ చేతికి అందాలి. అందుకు పొట్టి మొక్క సౌకర్యమే. కానీ విత్తన రైతు ఆదాయం మొక్కకు ఎన్ని పువ్వులు క్రాసింగ్‌కు దొరికాయన్న దాని మీదే నిలుస్తుంది. కణుపులు తగ్గితే పువ్వులూ తగ్గుతాయి. పైగా పెట్టుబడిని కంపెనీకి, రైతుకు మధ్య నిలిచే ఆర్గనైజర్ అప్పుగా ఇస్తున్నప్పుడు ఏ మందు కొట్టాలన్న మాటలో రైతు గొంతు చిన్నదవుతుంది.

రైతుకు తీరిక ఎక్కడిది, కొలతలు చదువుకున్నవాళ్ల ముచ్చట కదా అనేవాళ్లున్నారు. ఈ వాదన రైతును తక్కువ చేస్తుంది. విత్తన పత్తిలో రోజుకు వందల పువ్వుల్ని గిల్లి, క్రాస్ చేసి, గుర్తు పెట్టే ఓపిక ఉన్న ప్రాంతంలో ఇరవై మొక్కల కణుపులు కొలవడం కష్టమనడం నమ్మేలా లేదు. ఇంకొందరు పండులో రసాయనం మిగులుతుందన్న భయంతో పాక్లోబ్యూట్రజోల్‌ను పూర్తిగా నిషేధించమంటారు. సరైన మోతాదులో నేలకు పోసినప్పుడు పండులో మిగిలేది చాలా తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. నిషేధం పెడితే మందు మాయం కాదు, చీటీ లేని సీసాల్లోకి మారుతుంది. అప్పుడు మోతాదు చెప్పేవాడు కూడా ఉండడు. ఈ నియంత్రకాలు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తాయి కనుక ఏ పంటకు ఎంత అన్నది లేబుల్ మీద ఉండి తీరాలి. అది లేనిదాన్ని కొనకుండా ఉండటం రైతు చేతిలో ఉన్న పని, అమ్మకుండా చూడటం వ్యవసాయ శాఖ పని.

మిగిలిన పని చేయగల సంస్థలు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. పాలెం వాళ్లు చెల్కకు ఒకటి, కాలువ కింది నల్లరేగడికి ఒకటి చొప్పున పత్తి ఎత్తు గీతలు తయారుచేయవచ్చు. విత్తిన 40 రోజులకు, 60 రోజులకు, 80 రోజులకు మొక్క ఎంత ఉంటే మందు అవసరం లేదో ఒకే కాగితం మీద, తెలుగులో, రైతు వేదికల గోడలకు అంటించేలా ఉండాలి. మోజెర్ల విద్యార్థులు వేసవిలో కొల్లాపూర్, పెబ్బేరు తోటల్లో కల్టార్ పోసిన చెట్లు, పోయని చెట్లు పక్కపక్కన ఎంచుకుని చిగురు పొడవు, పూత కాడ పొడవు, కాపు రాయడం మొదలుపెడితే నాలుగైదేళ్లకు మన బంగినపల్లికి మన లెక్క వస్తుంది. అప్పటిదాకా కొంకణ్ అల్ఫాన్సో లెక్కనే గరిష్ఠ హద్దుగా పెట్టుకుని, కిందటేడు పోసిన చెట్టుకు ఈ ఏడు సగమో, అసలు లేకుండానో సరిపెట్టడం మేలు. పత్తిలో నీళ్ల తడి ఇవ్వగలిగిన చేనుకు తప్ప మెపిక్వాట్ సిఫారసు చేయవద్దని విస్తరణ అధికారులకు ఈ వానాకాలం నుంచే చెప్పవచ్చు.