కరామా అంటే ఆత్మగౌరవం

డిసెంబర్ 9ని మనమెవరం మరిచిపోం. 2009లో ఆ రాత్రి ఢిల్లీలో చిదంబరం ప్రకటన చేసినప్పుడు మస్కట్‌లో, రువీలోని ఒక గదిలో పదిహేను మందిమి టీవీ ముందు కూచుని ఉన్నాం. ఆ మాట రెండు వారాలు కూడా నిలవలేదు. డిసెంబర్ 23న వెనక్కి పోయింది. 9 గుర్తుంది, 23 గుర్తుంది. కానీ 9 పక్కనే 10 ఉందని, అది మానవ హక్కుల దినమని మనలో ఎంతమందికి గుర్తుంటుంది?

1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. నిజాం పాలన ముగిసి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ ప్రకటనలో 13వ అధికరణం ఒకటుంది. ఏ మనిషైనా ఏ దేశాన్నైనా విడిచి వెళ్లొచ్చు, తన దేశానికి తిరిగి రావొచ్చు అని దాని సారాంశం. గల్ఫ్‌లో బతికే మనకు దీనికన్నా దగ్గరి అధికరణం ఇంకోటి లేదు.

దుబాయిలో కరామా అంటే మనోళ్లకు బాగా తెలిసిన పేట. అరబ్బీలో ఆ మాటకు అర్థం గౌరవం, మనిషికి ఉండాల్సిన మర్యాద. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 2010 నుంచి డిసెంబర్ నెలలో ఒక అంతర్జాతీయ చిత్రోత్సవం జరుగుతోంది. మానవ హక్కుల సినిమాల కోసమే పెట్టిన ఉత్సవం అది. దాని పేరు కూడా కరామానే. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు తట్టిన తెలుగు మాట ఒక్కటే, ఆత్మగౌరవం. మన ఉద్యమానికి ప్రాణమైన మాట.

ఇలాంటి ఉత్సవాలు కొత్తవేం కాదు. హ్యూమన్ రైట్స్ వాచ్ 1988లో మొదలుపెట్టింది. ప్రాగ్‌లో 'వన్ వరల్డ్' 1999 నుంచి, జెనీవాలో ఇంకొకటి 2003 నుంచి నడుస్తున్నాయి. మస్కట్‌లోనూ 2001లో చిత్రోత్సవం మొదలైంది గానీ అది అన్ని రకాల సినిమాల పండుగ. హక్కుల చిత్రోత్సవం పద్ధతి వేరు. అక్కడ సినిమా అయిపోగానే లైట్లు వేసి, చప్పట్లు కొట్టి ఇంటికి పోరు. కూచుని మాట్లాడుకుంటారు. చూసిన దాని గురించి మనమేం చేద్దామన్నదే అక్కడ అసలు ప్రశ్న.

పోయిన డిసెంబర్‌లో మేం కూడా చిన్నగా అలాంటి ప్రయత్నం చేశాం. అల్ ఖువైర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టి బి. నర్సింగరావు తీసిన 'దాసి' వేశాం. 1988 నాటి సినిమా. ఉత్తమ నటిగా అర్చనకు, కళా దర్శకత్వానికి వైకుంఠానికి జాతీయ అవార్డులు తెచ్చింది. దొరసాని పెళ్లై గడీకి వస్తే ఆమెతో పాటు సామానులాగ వచ్చిన ఆడబాప కమలాక్షి కథ. గొంతెత్తి ఏడ్వడానికి కూడా ఆమెకు హక్కు లేదు. సినిమా అయ్యాక రెండు గంటలు చర్చించాం. గడీలు, వెట్టి, విసునూరు, సాయుధ పోరాటం. నేనే ఎక్కువ మాట్లాడాను.

మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఆ రోజు మాతో వచ్చింది, వంటలో సాయానికి. వంటింటి గుమ్మానికి ఆనుకుని సినిమా అంతా నిలబడే చూసింది. కూచోమని ఒక్కరమూ అనలేదు. కప్పులు తీస్తూ నాతో అంది: "మా అమ్మమ్మ గారి రోజుల్లో మా వైపూ ఇలాగే పంపేవారంటండీ. ఆ పిల్లకి పోదామన్నా దారి లేదు కదండీ."

ఆమెది కోనసీమ. నాది జగిత్యాల పక్కన ఊరు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె అడిగింది: "సార్, నా పాస్‌పోర్టు ఓసారి ఇస్తారా? నా దగ్గరుంచుకుంటానండీ."

"ఎందుకు? నా దగ్గర భద్రంగా ఉంది కదా" అన్నాను.

ఆమె ఇంకేం మాట్లాడలేదు. పాస్‌పోర్టు నిజంగానే భద్రంగా ఉంది. మా అల్మారాలో, బంగారం పక్కన, తాళం వేసి. అదే నెలలో మా జిల్లా మేస్త్రీ ఒకాయన పాస్‌పోర్టును ఇక్కడి కంపెనీ ఆపితే ఎంబసీకి అర్జీ రాసిపెట్టింది నేనే. ఇంగ్లీషులో, మంచి కోపంతో. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, ఇంకొకరు దాచిపెట్టుకోవడానికి వీల్లేదు అని రాసిన చెయ్యీ నాదే, అల్మారాకు తాళం వేసిన చెయ్యీ నాదే.

ఎందుకు దాచాను? భయం. వీసాకు డబ్బు పెట్టాను, ఎక్కువ జీతం ఇస్తామంటే కల్లివెల్లి అయిపోతుందేమో అని. ప్రతి కఫీలూ చెప్పేది ఇదే. వెట్టివాడు పారిపోతాడని గడీలో దొర పడ్డ భయమూ ఇదే. యజమాని పాస్‌పోర్టు పెట్టుకోవద్దని ఒమన్ మంత్రిత్వ శాఖ 2006లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఇంటి పనివాళ్ల కాగితాలు వాళ్ల దగ్గరే ఉండాలని జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో ఒడంబడిక చేసింది. కానీ 2003 నాటి ఒమన్ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లను బయటే ఉంచింది. చట్టం బయట ఉన్న మనిషికి మిగిలేది యజమాని మంచితనం ఒక్కటే. నా మంచితనం ఎంతదో నాకు తెలిసొచ్చింది. ఆ పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది. ఇచ్చాక ఆమె ఎక్కడికీ పోలేదు. పోయినా అది ఆమె హక్కే.

ఇదంతా ఇప్పుడెందుకు, ముందు రాష్ట్రం రానీ అనేవారు అప్పట్లో కొందరు మిత్రులు. మన ఇంటి లోపం మనమే బయట పెడితే తెలంగాణను వ్యతిరేకించేవాళ్లు వాడుకుంటారని ఇంకొందరు భయపడేవారు. నాకు రెండూ అర్థమవుతాయి. కానీ మన కొట్లాట పాలకులతో, ప్రజలతో కాదని ప్రతి సభలో చెప్పాం కదా. ఆ మాట నిజమో కాదో తేలేది ధర్నా చౌక్‌లో కాదు, మస్కట్‌లో మన వంటింట్లో పనిచేసే కోనసీమ ఆడమనిషి దగ్గర. ఇంకో మాట. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఎడారికి వచ్చిన వాళ్ల కష్టం తెలంగాణ ప్రభుత్వం ముందు పెట్టాల్సింది మనమే. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. అలాంటిది మనకూ కావాలని అడిగేటప్పుడు మన అల్మారాలు ఖాళీగా ఉండాలి.

అందుకే ఒక ప్రతిపాదన. ఈ నెలలో ఒక శుక్రవారం, క్యాంపు వాళ్లకు సెలవు ఉండే రోజు, ఎవరింట్లోనైనా మళ్లీ ప్రొజెక్టర్ పెడదాం. ఇది పరాయి దేశం, పెద్ద సభలు మన చేతిలో లేవు. ఇరవై మంది చాలు. ఈసారి గౌతం ఘోష్ 'మా భూమి' వేద్దాం. క్యాంపుల నుంచి మనోళ్లను కార్లలో మనమే తీసుకొద్దాం. ముందు వరుసలో వాళ్లు కూచోవాలి, మన ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు కూచోవాలి. చాయ్ మనం పెడదాం. సినిమా అయ్యాక మొదట వాళ్లు మాట్లాడాలి. నాలాంటి వాళ్లం విందాం.

దానికి వచ్చే ముందు ఒక పని. ఇంట్లో ఎవరి పాస్‌పోర్టయినా మీ అల్మారాలో ఉంటే, దాన్ని వాళ్ల చేతికిచ్చి రండి.

జై తెలంగాణ.