తీరం ఎవరి విహారానికి?

మైపాడు నుంచి పులికాట్ దాకా కారులో వెళ్తే ఒక్కరోజులో ఎన్నో అందాలు చూడొచ్చు. ఆ మధ్య స్నేహితురాళ్ళం నలుగురం వెళ్ళాం. మైపాడు అలలు, నేలపట్టులో కడప చెట్లమీద గూడబాతులు, అటకానితిప్ప దగ్గర ఫ్లెమింగోలు. కడుపు నిండిపోయింది.

దారిలో ఒకచోట ఒడ్డున చేపలు కొన్నాం. తెల్లవారకముందే వచ్చిన ఆమె మధ్యాహ్నం దాకా ఎండలోనే కూర్చుంటుందట. మరుగుదొడ్డి ఎక్కడని అడిగాను. "అందుకే నీళ్ళు తాగనమ్మా" అంది. మేం మాత్రం పొద్దున్నుంచీ ఎక్కడ హోటలుంటే అక్కడ ఆగుతూ వచ్చాం.

పులికాట్‌కి వెయ్యి మీటర్లలోపు రొయ్యల చెరువులు వేయకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అందులో నేలపట్టు పేరు కూడా ఉంది. ఆ కేసులో పక్షుల సంగతొక్కటే కాదు, ఉప్పగా మారిన తాగునీళ్ళ సంగతీ ఉంది. ఊళ్ళో నీళ్ళు ఉప్పనైతే బిందె పట్టుకుని దూరం నడిచేదెవరు? పొలం చెరువైతే నాట్లకూలీ పోయేదెవరికి?

2001 నుంచి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగోలకు పండగ చేస్తున్నారు. చేయాల్సిందే. కానీ తీరాన్ని చూడదగ్గ చోటుగా మాత్రమే లెక్కేస్తే, అక్కడ పనిచేసే స్త్రీ దృశ్యంలో భాగమైపోతుంది, లేదా అడ్డమవుతుంది. పర్యాటక ప్రణాళికలో మొదటి పద్దు చేపలు దిగే ప్రతిచోటా మరుగుదొడ్డి, మంచినీళ్ళు, నీడ కావాలి. అవి ఎక్కడుండాలో చేపలమ్మే స్త్రీలే చెప్పాలి.

1992లో సారా వేలంపాటలను అడ్డుకున్న స్త్రీల ప్రాంతం ఇది. తమకేం కావాలో వాళ్ళకి ఒకరు నేర్పనక్కర్లేదు.