రణభూములు – మన యాత్రలు

కోటవురట్లనుండి విశాఖపట్టణమునకుఁ బోయినవారు సముద్రతీరమునఁ గుర్సురా జలాంతర్గామిని జూడక మరలుట యరుదు. 1969లో నౌకాదళమునఁ జేరి, 2002 నుండి ప్రదర్శనశాలయై నిలిచిన యా నౌకయు, 1971 యుద్ధవిజయమునకుఁ గట్టిన స్మారకమును దర్శనీయములే. కాని యుద్ధచరిత్ర మనఁగా నంతియే యని మన బాలురు తలంచినచో ఆ లోపము పెద్దలది. ఉత్తరాంధ్రపు రణభూములను గూడ వారికిఁ జూపవలదా?

మొదట బొబ్బిలి. 1757 జనవరి 24వ తేదీని ఆ కోటపై గర్జించినవి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. వానికిఁ దోడు నడచినవాఁడు విజయనగరాధీశుఁడు పెద విజయరామరాజు. పొరుగువానిపైఁ గసి దీర్చుకొన్న యా ప్రభువు కొలఁదిదినములలోనే తాండ్ర పాపారాయని కత్తికి గుఱియయ్యెను. తరువాత పిఠాపురము చెంతనున్న చందుర్తి. 1758 డిసెంబరులో ఆనందరాజు పిలుపుపై వచ్చిన కర్నల్ ఫోర్డు అచ్చట ఫ్రెంచివారి నోడించెను. ఒక పరదేశి పోయి మఱియొక పరదేశి వచ్చెను. పిమ్మట పద్మనాభము. ఆంగ్లేయులను బిలిచిన 36 ఏండ్లకు, 1794 జూలై 10వ తేదీని, అదే వంశమువాఁడగు చిన విజయరామరాజు కప్పపు తగవులో కుంపిణీసేన గుండ్లకు నేలకొఱఁగెను. ఈ మూఁటిని వేర్వేఱుగాఁ జూచిన మూఁడు వీరగాథలు. వరుసగాఁ జూచిన నొక్క హెచ్చరిక.

ఇఁక మన చెంతనే యున్న కృష్ణదేవిపేట. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపైఁ బడి తుపాకులు గొనిన అల్లూరి శ్రీరామరాజు సమాధి యచ్చటనే యున్నది. 1924 మే 7వ తేదీని ఆయనను విచారణ లేకయే కాల్చి చంపిరి. అడవిచట్టములు పోడు నడ్డగింప, సరియైన కూలి యీయక బాటపని చేయింప, మన్యప్రజ లాయన వెంట నడచిరి. గంటందొర, మల్లుదొరల పేరులు మనకుఁ దెలియును. వారితోఁ బోరి ప్రాణము లిచ్చిన తక్కినవారి పేరు లెందఱికిఁ దెలియును?

మా కోరిక యిది: మన పాఠశాలలును, గ్రంథాలయములును ఏఁటేఁట నీ స్థలములకు యాత్ర సాగింపవలెను. పోవుటకు ముం దా చరిత్రమును జదివింపవలెను. వచ్చిన పిదపఁ జర్చింపవలెను. మన్యపు వృద్ధులు తమ తాతలవలన విన్నదానిని పేరులతో సహా వ్రాసి భద్రపఱుపవలెను. ఆ వృద్ధులు పోయిన నా పేరులును బోవును. విగ్రహమునకు దండ వేయుట యొకపూఁట పని; పేరు నిలుపుట తరముల పని. ఛాయాచిత్రములు దీసికొని, తినుబండారముల కాగితములు వదలి వచ్చుట యాత్ర గాదు.

కృష్ణదేవిపేట మనకు దూరము గాదు. బయలుదేరుటయే తరువాయి.