కొత్తది కొనే ముందు పాతదాని మూత విప్పండి

2020 లాక్‌డౌన్ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని, బీటెక్ ప్రాజెక్టులకని తెలుగు ఇళ్లలోకి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో గేమింగ్ మోడళ్లు తక్కువేమీ కాదు. వాటిలో తరచుగా కనిపించిన అమరిక ఇది: 8 జీబీ ర్యామ్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, ఆ కార్డుకు 4 జీబీ సొంత మెమరీ. ఇప్పుడవి పాతబడ్డాయి. గేమ్ మొదలైన కాసేపటికే బొమ్మ తడబడుతుంది, ఫ్యాన్ మోత పక్క గదిలోకి వినిపిస్తుంది, చార్జర్ తీస్తే బ్యాటరీ నిలవదు. దుకాణానికి తీసుకెళ్తే ఎక్స్ఛేంజ్ ఆఫర్, ఈఎంఐ లెక్క వెంటనే చేతిలో పెడతారు. అసలు ఇబ్బంది ఎక్కడుందో మూత విప్పి చూసేవారు మాత్రం అరుదు.

పొరపాటు జరుగుతున్నది ఇక్కడే. పాతదాన్ని బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్నది వయసును బట్టో, ఆఫర్‌ను బట్టో తేలే విషయం కాదు. వేగాన్ని అడ్డుకుంటున్న భాగమేదో ముందు తెలియాలి. ఆ భాగం మార్చగలిగేదైతే కొత్తది కొనడం దుబారా. మార్చలేనిదైతే పాతదానిపై పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ల్యాప్‌టాప్‌లో మార్చగలిగేవి కొన్నే. ర్యామ్, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ, వైఫై కార్డు, ఫ్యాన్లు చాలా గేమింగ్ మోడళ్లలో స్క్రూలు విప్పితే చేతికి వస్తాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ అలా కాదు, మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. డెస్క్‌టాప్‌లో మాదిరిగా పాత కార్డు పీకి కొత్తది గుచ్చే వీలు వీటిలో లేదు. ఈ హద్దును చెరిపేస్తామన్న కంపెనీలకూ ఆ పని తేలిక కాలేదు. గ్రాఫిక్స్ మార్చుకోవచ్చన్న ప్రచారంతో డెల్ 2019లో ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం తెచ్చింది. తర్వాతి తరం కార్డులు అందులో అమరలేదని కొనుగోలుదారులు 2021లో కాలిఫోర్నియాలో దావా వేశారు. ఫ్రేమ్‌వర్క్ అనే అమెరికా సంస్థ మాత్రం తన 16 అంగుళాల ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మాడ్యూల్‌ను విడదీసి మార్చుకునేలా చేసి చూపింది. అంటే సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. మన మార్కెట్లో దొరికే మామూలు మోడళ్లకు ఆ సౌకర్యం లేదంతే.

ముందుగా అనుమానించాల్సింది వేడిని. రామగుండంలో, కొత్తగూడెంలో, విజయవాడలో మే నెల ఎండలు 45 డిగ్రీల దరిదాపులకు వెళ్తాయి. ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ పీల్చుకునే గాలే వేడిగా ఉంటుంది. దానికి తోడు ఏళ్ల తరబడి చేరిన దుమ్ము రాగి గొట్టాల చివరనున్న సన్నటి రేకుల మధ్య దట్టంగా పేరుకుంటుంది. చిప్‌కీ ఆ గొట్టాలకీ మధ్య రాసిన థర్మల్ పేస్టు ఎండిపోతుంది. ఉష్ణోగ్రత హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దాన్ని చూసి ల్యాప్‌టాప్ ముసలిదైపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

పరీక్ష సులభం. ఉష్ణోగ్రత చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిచి పెట్టి అరగంట గేమ్ ఆడాలి. మొదటి కొన్ని నిమిషాలు సాఫీగా నడిచి, వేడి పెరిగాక ఫ్రేములు పడిపోతే దోషం వేడిదే. శుభ్రం చేయించి, పేస్టు కొత్తగా రాయిస్తే అయ్యే ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధర ముందు లెక్కలోకి రాదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల ఇది రోజువారీ పని. వారంటీ ఇంకా ఉంటే మాత్రం ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు పలక ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అది వేగానికి సంబంధించిన సమస్య కాదు, ప్రాణాపాయం. ఆ క్షణమే వాడకం ఆపి బ్యాటరీ మార్పించాలి.

తర్వాతది ర్యామ్. చాలా మోడళ్లు 8 జీబీ ఒక్క స్టిక్‌తో, రెండో స్లాట్ ఖాళీగా వచ్చాయి. అందులో ఇంకొకటి పెడితే మెమరీ పెరగడమే కాదు, రెండు దారుల్లో డేటా నడిచి గేమ్‌లో తడబాటు తగ్గుతుంది. నిన్నమొన్నటిదాకా ఇది కళ్లు మూసుకుని ఇవ్వగలిగిన సలహా. 2025 చివరి నుంచి పరిస్థితి మారింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ విపరీతంగా పెరిగి ధరలు ఎగబాకాయి. ర్యామ్, ఎస్ఎస్‌డీలకు పేరుపడ్డ క్రూషియల్ బ్రాండ్‌తో సాగుతున్న వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మెమరీ చిప్‌ల తయారీ సంస్థ మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ఇప్పుడు కొలిచి కొనాలి. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండిపోతుంటే స్టిక్ కొనవచ్చు, సగమే వాడుతుంటే డబ్బు దాచుకోవచ్చు. ఇవే చిప్‌లు కొత్త ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటాయి గనుక వాటి ధరలపైనా ఈ భారం పడుతుంది. పాతదాన్ని ఇంకో ఏడాది నడిపించుకోవడానికి ఇంత బలమైన కారణం ఈమధ్య కాలంలో లేదు.

ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తున్న ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీని మించిన మందు లేదు. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 తమ కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీని చేర్చాయి.

అయితే ఈ మరమ్మతులేవీ దాటలేని గోడ ఒకటుంది. అది గ్రాఫిక్స్ చిప్. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్‌కు రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) చేయగల కార్డు తప్పనిసరి. జీటీఎక్స్ 1650లో ఆ సామర్థ్యమే లేదు. ర్యామ్ 32 జీబీ చేసినా ఈ గేమ్‌లు అందులో ఆడవు. కార్డుకున్న 4 జీబీ మెమరీ కూడా కొత్త గేమ్‌లకు చాలడం లేదు, దాన్ని పెంచే మార్గమూ లేదు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో బరువైన సీన్లు రెండర్ చేసే విద్యార్థులకు, సొంతంగా ఏఐ మోడళ్లు నడిపి చూసేవారికి ఎదురయ్యేదీ ఇదే గోడ. అటువంటివారు పాతదానికి కొత్త భాగాలు కొనకుండా ఆ డబ్బును కొత్తదాని కోసం దాచుకోవడమే తెలివైన పని. ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 మాత్రమే అయితే, సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే, ఆ 1650 ఇప్పటికీ పనికొస్తుంది.

రెండో గోడ విండోస్‌ది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2017 నాటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించిన ఇంటెల్ ఐ7-7700హెచ్‌క్యూ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. అలాంటి ల్యాప్‌టాప్‌కు ఖరీదైన ర్యామ్ కొనడంలో అర్థం లేదు.

ఈ రెండు గోడలూ అడ్డు రాకపోతే ఖర్చుకు ఒక గీత గీసుకోవాలి. మరమ్మతు, కొత్త భాగాలు అన్నీ కలిపి కొత్త ల్యాప్‌టాప్ ధరలో నాలుగో వంతు దాటకపోతే పాతదాన్నే నిలబెట్టుకోవడం మేలు. మదర్‌బోర్డు పోయిందంటే ఆ గీత సాధారణంగా దాటిపోయినట్టే.

కొత్తది తప్పదనుకున్నవారు కార్డు పేరును మాత్రమే చూసి మోసపోకూడదు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డును ఎన్‌విడియా 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు నడిచేలా అనుమతించింది. పలచటి మోడల్‌లో తక్కువ వాట్లతో నడిచే కార్డు, మందమైన మోడల్‌లో పూర్తి వాట్లు అందుకునే కార్డు ఒకే పేరుతో అమ్ముడవుతాయి, ఫ్రేముల్లో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. వాట్లు ఎన్ని, ర్యామ్ స్లాట్లు ఎన్ని, అతికించినదా విప్పదగినదా, రెండో ఎస్ఎస్‌డీకి చోటుందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాకుండా ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

ఆ జవాబుల కోసం కొనుగోలుదారు వెతుక్కోవాల్సి రావడమే అసలు అన్యాయం. దాని నష్టం జేబుతోనే ఆగదు. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగేసిందనీ, అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకెక్కింది 22.3 శాతమేననీ ఐక్యరాజ్యసమితి సంస్థలు చెబుతున్నాయి. పేస్టు ఎండిపోయిన పాపానికి ఆ కుప్పలో చేరే ల్యాప్‌టాప్ ఒక్కటైనా ఎక్కువే. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లోనే కమిటీ వేసింది, అదే ఏడాది చివర పోర్టల్ కూడా తెరిచింది. తర్వాతి అడుగు పెట్టె మీద పడాలి. ఫ్రిజ్‌కు, ఏసీకి స్టార్ రేటింగ్ అంటించినట్టే, మార్చుకోగల భాగాలేవో, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో, గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని వాట్లు అందుతాయో ప్రతి ల్యాప్‌టాప్ పెట్టె మీద తెలుగులో సహా ముద్రించడాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి.