ముక్కులో పుల్లకు వెల

మా కాలేజీలో పరీక్ష ఫీజు ఎంతో నోటీసు బోర్డులో అంటించిన తరువాతనే పిల్లల దగ్గర డబ్బు పుచ్చుకుంటాం. ఏ తారీకు దాటితే ఎంత జరిమానాయో అదీ అందులోనే వుంటుంది. తప్పినవాడికి సైతం తాను ఎంత పెట్టి తప్పాడో స్పష్టంగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి పరీక్షలతోనే కాలక్షేపం చేస్తున్నవాణ్ణి గనుక, లోకంలో పరీక్షలన్నీ ఇలాగే వుంటాయి కాబోలు అనుకునేవాణ్ణి. ఆ భ్రమ 2020లో, దసరాకు ముందు వదిలింది.

తిరుపతిలో మా వీధి మొగదల ఒక అవ్వ ఇడ్లీలమ్ముతుంది. కొడుకు ఆటో తోలుతాడు. అతనికి జ్వరం తగిలింది. ఆ రోజుల్లో జ్వరమంటే అందరికీ కరోనాయే గదా! ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష ఉచితమే. కాని ఫలితం తెలిసేదాకా ఆటో కదలకూడదు, అవ్వ పొయ్యి వెలగకూడదు. రేపటికల్లా చెబుతామన్న ఒక ప్రైవేటు ల్యాబువారిని ఇంటికి పిలిపించుకున్నారు.

మరునాడు అవ్వ మా వాకిట్లో దూరంగా నిలబడి, కాగితాలు గడప మీద పెట్టింది.

"అయివారూ, రవంత చదివి చెప్పండి సామీ. వుందా, లేదా?"

లేదు. ఆ మాట చెప్పేసరికి అవ్వ కొండవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. నేను రెండో కాగితం చూశాను. అది రసీదు. 1,900 రూపాయలని వున్నది.

"అవ్వా, ఎంత ఇచ్చినారు?"

"మూడు వేలు సామీ. కమ్మలు కుదవబెట్టి తెస్తిమి. ముక్కులో పుల్ల బెట్టి తీసేదానికి మూడు వేలంట!"

సొంతంగా వెళ్లి చేయించుకునేవారి దగ్గర ప్రైవేటు ల్యాబులు తీసుకోవలసిన ధర అప్పటికి ప్రభుత్వం నిర్ణయించినదే: 1,900. అంటే, కాగితం చట్టాన్ని పాటించింది. డబ్బు పుచ్చుకున్న చెయ్యి పాటించలేదు. చదువురాని ఇంట్లో ఆ రెండింటికీ పొంతన చూసేదెవరు?

ల్యాబుకు ఫోను చేశాను. "ఇంటికొచ్చిన ఖర్చండీ" అన్నాడు అవతలి మనిషి. దానికి రసీదేదీ అన్నాను. ఫోను పెట్టేశాడు. "పోనీలే సామీ, బిడ్డకు రోగం లేదు గదా" అన్నది అవ్వ. నేనూ పోనిచ్చాను.

ఇక్కడ ల్యాబువారిని మాత్రమే నిందిస్తే నాకు నిద్ర పట్టదు. ఆ 1,900 సంగతి నేను పత్రికలో చదివాను. కాఫీ తాగుతూ చదివి, మడిచి పక్కన పెట్టాను. అవ్వ ఇల్లు నాకు ఇరవై అడుగుల దూరం. ఒక్క మాట చెప్పి వుంటే పదకొండు వందలు మిగిలేవి. ఎమ్మే చదివినవాడి వల్ల వీధికి ఆ మాత్రం ప్రయోజనమైనా వుండవద్దూ!

అసలీ వెల నడిచిన దారి చూడండి. 2020 మార్చిలో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 4,500 రూపాయలు: తొలి పరీక్షకు 1,500, నిర్ధారణకు 3,000. ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ప్రైవేటులోనూ ఉచితంగా చేయమన్నది. 13న దాన్ని సవరించి, ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులకూ, ఆర్థికంగా బలహీనులైనవారికీ మాత్రమే అన్నది. మే నెలాఖరుకు 4,500 హద్దు తీసేసి, ధర సంగతి రాష్ట్రాలకు వదిలారు. మన రాష్ట్రంలో అది 1,900కు, ఆపైన వెయ్యికి దిగింది. 2022 జనవరిలో 499 నుంచి 350 అయింది. పుల్ల అదే, ముక్కు అదే. వెల మాత్రం దాదాపు పదమూడో వంతుకు వచ్చింది.

మొదట్లో ఖర్చు ఎక్కువైన మాట నిజమే. ముక్కులోంచి తీసిన తేమలో వైరస్ వుంటే, దాని ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చి, ఆ డీఎన్‌ఏను యంత్రంలో విడత విడతకూ రెట్టింపు చేస్తారు. ఒకటి రెండు, రెండు నాలుగు. లెక్క ప్రకారం ముప్ఫై విడతలకు ఒకటి నూరు కోట్లు దాటుతుంది. ఈ రెట్టింపు ఉపాయం 1983లో అమెరికాలో కారీ మల్లిస్ కనిపెట్టి, 1993లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన వూళ్లో స్విమ్స్ ల్యాబు మొదటి నాళ్లలోనే ఈ పరీక్షకు దిగింది. తొలుత కిట్లు విదేశాలనుంచి రావలసి వచ్చింది. 2020 మార్చిలోనే పుణె సంస్థ ఒకటి స్వదేశీ కిట్టుకు అనుమతి పొందింది. తరువాత మన విశాఖలోనూ తయారయ్యాయి. సరుకు పెరిగింది, ఒక్కసారే పదుల నమూనాలు యంత్రానికెక్కాయి, ఖర్చు తగ్గింది.

కాని అవ్వ అదనంగా ఇచ్చిన పదకొండు వందలకు ఈ శాస్త్రంతో సంబంధం లేదు. అది భయానికి కట్టిన సుంకం. వంకాయల దగ్గర రెండు రూపాయలకు అరగంట వాదించే మనం, ల్యాబు కిటికీ ముందు నోరెత్తం. బిడ్డ ప్రాణం పక్కన డబ్బు మాట ఎత్తడం పాపమనిపిస్తుంది. ఆ మొహమాటం అవతలివాడికి బాగా తెలుసు.

వైద్యసంస్థలు తమ ధరలను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ జనానికి కనబడేటట్టు ప్రదర్శించాలని 2012 నాటి కేంద్ర నిబంధనల్లో వున్నది. ఆ చట్టం అన్ని రాష్ట్రాల్లోనూ అమలులో లేదు. అయినా మంచి పద్ధతికి చట్టమే రావాలా? ఇంగ్లీషు పేర్ల వరుస కాకుండా, "డెంగ్యూ పరీక్ష, ఇంత" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసిన బోర్డు గోడకు బరువా? డెంగ్యూ పరీక్ష 600 మించరాదని ఢిల్లీ ప్రభుత్వం 2015లోనే కట్టడి చేసింది.

కరోనా గొడవ సద్దుమణిగినా, వానలు పడగానే జ్వరాలు వస్తూనే వున్నాయి. అంచేత నా మనవి ఇంతే. పుల్ల పెట్టకముందే వెల అడగండి. ఇచ్చినంతకూ రసీదు అడగండి. చదువు వచ్చినవారు పక్కింటి రసీదు కూడా చదివిపెట్టండి.

అవ్వ కమ్మలు సంక్రాంతికి విడిపించుకున్నది. వడ్డీ ఎంతయిందని అడిగాను.

"అది మాత్రం ముందే చెప్పినాడు సామీ, కుదవ అంగిడాయన" అన్నది.