కాపలా వేరు, జాడ వేరు

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చింది. రాసినది పన్నెండేళ్ళ తెలుగు అమ్మాయి. ఆమె ఉత్తరం సారాంశం ఇది:

"మేష్టారూ! మా నాన్నగారు పోయిన యేడు ఒక మోటారు హోము కొన్నారు. వేసవిలో అందరం అందులో ఊళ్ళు తిరుగుతాం. చలికాలమంతా దాన్ని మా ఇంటికి పన్నెండు మైళ్ళ దూరంలో, బళ్ళు నిలిపే ఒక దొడ్డిలో వుంచుతాం. మూడు నాలుగు వారాలకు ఒకసారి వెళ్ళి చూసి వస్తాం. దొంగలు ఎత్తుకుపోకుండా దానికి ట్రాకరు పెట్టించాలని నాన్నగారు అంటారు. దానికి ప్రతి యేడూ చందా కట్టాలి, ఆ డబ్బు దండగ అని అమ్మ అంటుంది. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే మాట. మీరు తీర్పు చెప్పండి."

ఆలుమగల మధ్య తీర్పు చెప్పడానికి తెలివిగలవాడెవడూ ముందుకు రాడు. కాని లెక్క చెప్పడం ఉపాధ్యాయుడి పనే గదా! కాబట్టి లెక్క చెబుతాను. తీర్పు దానంతట అదే తేలుతుంది. ఈసారి పెద్దలు కూడా మీ పక్కన కూర్చుని చదివితే మంచిది.

మనలో చాలామంది మోటారు హోము చూసి వుండరు. పెద్ద వ్యాను మీద చిన్న ఇల్లు కట్టినట్టు వుంటుంది. ముందు డ్రైవరు గది, వెనక పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, చిన్న స్నానాల గది. బ్రిటనులో ఈ ముచ్చట పాతదే. 1885లో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళపు మాజీ వైద్యుడు బ్రిస్టల్ నగరంలో ఇలాంటి ఇల్లు ఒకటి కట్టించుకున్నాడు. దానికి "వాండరర్" అని, అంటే "దేశదిమ్మరి" అని, పేరు పెట్టి, గుర్రాలు కట్టి, స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్ళాడు. ఈయన మీవంటి పిల్లలకు కథలు రాసిన రచయిత కూడాను. ఆయన వెంట బండివాడు, నౌకరు, ఒక కుక్క వుండేవారు. బండిని కనిపెట్టి చూసేందుకు ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గర వున్నారన్నమాట. ఈనాటి మోటారు హోముకు గుర్రాలూ అక్కరలేదు, బండివాడూ అక్కరలేదు. అందుచేత చలికాలమంతా ఒంటరిగా నిలబడి వుంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పూర్వం మన గ్రామాలలో తలారి వుండేవాడు. ఆయనకు రెండు పనులు. రాత్రిళ్ళు గస్తీ తిరిగి దొంగను రానివ్వకుండా చూడటం ఒకటి. దొంగతనం జరిగిపోతే అడుగుజాడలు పట్టుకుని వెదకడం రెండవది. మొదటిది కాపలా, రెండవది జాడ తీయడం. ట్రాకరు అనే పెట్టెకు వచ్చినది ఈ రెండవ విద్య ఒక్కటే. అది దొంగ చెయ్యి పట్టుకుని ఆపదు. "దొంగలు ఎత్తుకుపోకుండా" అని మన అమ్మాయి రాసింది చూశారా? "ఒకవేళ ఎత్తుకుపోతే" అని రాయాలి. ఆ ఒక్క మాట మార్చుకుంటే సగం తగాదా తీరుతుంది.

ఇంతకూ ఆ పెట్టె జాడ ఎలా చెబుతుంది? ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు బండిని పైనుంచి చూస్తూ వుంటాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జి.పి.ఎస్. ఉపగ్రహాలకు ఆ బండి సంగతే తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఫలానా చోట వున్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని రేడియోలో చాటుతూ వుంటాయి, అంతే. వినేది బండిలోని పెట్టె. రేడియో తరంగం సెకండుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోతుంది. ఉపగ్రహం నెత్తిమీద వున్నా, దాని మాట మనను చేరడానికి సెకండులో పదిహేనవ వంతు పడుతుంది. మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, పెట్టె దూరం లెక్క కడుతుంది. మెరుపు కనిపించిన తరువాత ఉరుము ఎంతసేపటికి వినిపించిందో చూసి, పిడుగు ఎంత దూరాన పడిందో మీరు చెప్పరూ? అలాంటిదే.

మీ బడి మైదానంలో ఇది చేసి చూడండి. ఒక మేకు పాతి, దానికి పది అడుగుల తాడు కట్టి, కొస పట్టుకుని బిగువుగా తిరగండి. వలయం వస్తుంది. మీరు ఆ వలయం మీద ఎక్కడైనా వుండవచ్చు. ఇంకొంచెం దూరంలో రెండవ మేకు పాతి, మరొక తాడుతో ఇంకో వలయం గీయండి. రెండూ రెండే చోట్ల కలుస్తాయి. ఆ రెంటిలో మీరున్నది ఏదో మూడవ మేకు, మూడవ తాడు తేల్చేస్తాయి. ఉపగ్రహాలు మేకులు, దూరాలు తాళ్ళు. అయితే ఉపగ్రహాలలో అణుగడియారాలు వుంటాయి. పెట్టెలో వుండేది మామూలు గడియారం. సెకండులో పదిలక్షవ వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పిపోతుంది. ఆ తప్పు దిద్దుకోవడానికి పెట్టె నాలుగవ ఉపగ్రహం మాట కూడా వింటుంది.

ఇప్పుడు పెట్టెకు తానున్న చోటు తెలిసింది. కాని తనకు తెలిస్తే చాలదు, ఇతరులకు చెప్పాలి. అందుకు అందులో సెల్‌ఫోనులో వుండేటటువంటి సిమ్ము కార్డు వుంటుంది. దానితో కంపెనీవారి కేంద్రానికి కబురు పంపుతుంది. ఏడాది చందాలో ఒక భాగం ఈ కబురుకు, మరొక భాగం రాత్రింబగళ్ళు ఆ కబురు కోసం కూర్చునే మనుషులకు.

పని తీరు తెలిస్తే, పని చెడే తీరు కూడా తెలుస్తుంది. బండిని ఇనుప రేకుల కొట్టంలో దాస్తే ఉపగ్రహం మాట వినిపించదు. సెల్‌ఫోను అందని చోట కబురు వెళ్ళదు. కొందరు దొంగలు రేడియో మాటలను మింగివేసే జామరు అనే యంత్రం తెస్తారు. బ్రిటనులో దాన్ని వాడటం నేరం. కాని దొంగకు చట్టం భయం వుంటే దొంగ ఎందుకవుతాడు? అందుచేతనే కొన్ని ట్రాకర్లలో గోడల గుండా కూడా కొంత దూరం వినిపించే మరొక రకం రేడియో వుంచుతారు.

ఇంకొక శత్రువు బ్యాటరీ. లెక్క కట్టండి. బ్యాటరీ 100 ఆంపియర్-గంటలది అనుకుందాం. ట్రాకరు ఆంపియరులో నూరవ వంతు తాగుతుందనుకుందాం. రోజుకు 24 గంటలు గనుక 0.24 ఆంపియర్-గంటలు. వంద రోజులకు 24. అంటే ఒక చలికాలంలో నాలుగవ వంతు బ్యాటరీ ట్రాకరుకే ఆహుతి! దీనికితోడు దొంగగంట కొంత తాగుతుంది, చలి కొంత శక్తి లాగేస్తుంది. నెలలకొద్దీ తిరగని బండికి ఛార్జి ఎక్కించే యేర్పాటు లేకపోతే, దొంగ వచ్చిన రాత్రికి ట్రాకరు నిద్రపోతూ వుంటుంది.

బ్రిటనులో వాహనాల భద్రతను పరీక్షించే థాచమ్ అనే సంస్థ వున్నది. 2019 నుంచి ఆ సంస్థ ట్రాకర్లకు ఎస్ 5, ఎస్ 7 అని రెండు తరగతులు పెట్టింది. ఎస్ 5 రకంలో డ్రైవరు జేబులో ఒక బిళ్ళ వుంటుంది. ఆ బిళ్ళ లేకుండా బండి కదిలితే కేంద్రానికి తెలుస్తుంది. ఎస్ 7 రకంలో ఆ బిళ్ళ వుండదు. ధరలోనూ, చందాలోనూ తేడా వుంటుంది.

వీటికన్న చాలా చవకగా బ్లూటూత్ బిళ్ళలు కూడా దొరుకుతాయి. పక్కన పోయేవారి ఫోనుల ద్వారా అవి జాడ చెబుతాయి. కాని ఒక మెలిక వున్నది. తెలియని బిళ్ళ ఏదైనా ఒక మనిషి వెంట తిరుగుతూ వుంటే, ఆ మనిషి ఫోనుకు హెచ్చరిక వస్తుంది. దుర్మార్గులు ఇతరులను వెంటాడకుండా చేసిన యేర్పాటు అది, చాలా మంచిది. కాని బండి తోలుకుపోయే దొంగకూ ఆ హెచ్చరిక అందుతుంది! కనుక బిళ్ళను రెండవ సాక్షిగా వుంచుకోవచ్చు గాని, దానినే నమ్ముకోకూడదు.

ఇక డబ్బు లెక్క. ఇందులోని అంకెలు లెక్క నేర్పడానికి నేను ఊహించినవి. బండి ఖరీదు 40,000 పౌన్లు. అలాంటి బళ్ళు 400 వుంటే, యేడాదికి ఒకటి పోతుందనుకుందాం. అప్పుడు ఒక్కొక్క బండికి యేడాదికి వచ్చే నష్టభారం 40,000 ÷ 400 = 100 పౌన్లు. పోయిన బళ్ళలో సగం ట్రాకరు వల్ల దొరుకుతాయనుకుంటే, ట్రాకరు మిగిల్చేది 50 పౌన్లు. చందా 120 పౌన్లయితే, యేటా 70 పౌన్లు చేతినుంచి పోయినట్టే. పైగా బండికి బీమా వుంటే ఆ నష్టంలో ఎక్కువ భాగం బీమా కంపెనీవారిదే గాని మీది కాదు. ఇంతవరకూ అమ్మగారు గెలిచారు!

కాని బీమా కాగితం తీసి చదవండి. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా ఖరీదైన బళ్ళకు, ట్రాకరు వుండి తీరాలనే షరతు పెడతాయి. ఆ షరతు వుంటే వాదనే లేదు. అప్పుడు చందా కట్టడం మానినా, బ్యాటరీ చచ్చినా, పరిహారం ఇవ్వమని వారు అనవచ్చు. షరతు లేకపోతే, ట్రాకరు పెడితే బీమా సొమ్ము ఎంత తగ్గిస్తారో అడిగి తెలుసుకోవాలి.

మరి బీమా ఇవ్వలేనివి కొన్ని వుంటాయి. ఎదురుచూసిన వేసవి సెలవులు, తమ్ముడి బొమ్మలు, గోడకు అంటించిన బొమ్మల పటాలు. ఇవి దక్కాలంటే బండి త్వరగా దొరకాలి. నెల తరువాత దొరికిన బండిలో యేమి మిగులుతుంది? ఇక్కడే ఆ దొడ్డి సంగతి ముఖ్యం. ఇంటి ముందున్న బండి పోతే తెల్లవారేసరికి తెలుస్తుంది. పన్నెండు మైళ్ళ అవతల వున్న బండి పోతే, మీరు మళ్ళీ వెళ్ళేదాకా తెలియదు. దొంగిలించిన బండిని ఎవరైనా వెదుక్కుంటూ వస్తారేమోనని దొంగలు ఒకటి రెండు రోజులు ఎక్కడో నిలిపి చూస్తారు. ఆ రెండు రోజులే మీకు దక్కే అవకాశం. కదిలిన గంటలోనే కబురు చెప్పే పెట్టె వుంటే, ఆ అవకాశం చేజారదు.

కనుక అమ్మాయీ, నా మాట ఇది. ముందు కాపలా, తరువాత జాడ. స్టీరింగుకు, చక్రానికి గట్టి తాళాలు కొనండి. కంటికి కనిపించే తాళం చూసి దొంగ పక్క బండి వైపు పోతాడు. బళ్ళు నిలిపే దొడ్డి ఎలాంటిదో విచారించండి. అక్కడ అలాంటి దొడ్ల యజమానుల సంఘం బంగారు, వెండి, కంచు అని తరగతులు ఇస్తుంది. మీ బండి ఇంటి ముందే వుండి, బీమా షరతు లేకపోతే, నేను అమ్మగారి పక్షం. అది వారాల తరబడి మీ కంటికి దూరంగా వుంటున్నది గనుక, తాళాలు కొన్నాక ట్రాకరు పెట్టించడం మంచిదని నాన్నగారి పక్షం.

అయితే నాన్నగారు కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. చందా యేటికి ఎంత, మూడేళ్ళకు మొత్తం ఎంత? నిలిచివున్న బండిలో బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది? వేరే దేశాలకు వెళితే పనిచేస్తుందా? ఏ తరం సెల్‌ఫోను కబురు వాడుతుంది? ఈ ఆఖరి ప్రశ్న మరవకండి. పాత 2జీ, 3జీ సేవలను 2033 లోగా ఆపివేయాలని బ్రిటనులో ప్రభుత్వమూ, ఫోను కంపెనీలూ 2021లోనే ఒప్పుకున్నారు. పాతవాటినే నమ్ముకున్న పెట్టె ఒకనాడు మూగబోతుంది.

ఇంకా రెండు మాటలు. జాడ తెలిసింది గదా అని మీరెవరూ దొంగ వెంట పడకూడదు. పోలీసులకు చెప్పి, వారిచ్చే నంబరు కేంద్రంవారికి చెప్పండి. తక్కిన పని వారిది. పోయిన బండిని మళ్ళీ కొనవచ్చు, నాన్నగారిని కొనలేరు. రెండవది: ట్రాకరు దొంగ జాడే కాదు, మీ జాడ కూడా చెబుతుంది. అన్నయ్య స్నేహితులతో ఆ బండిలో వెళితే, అందులో ట్రాకరు వున్న సంగతి ముందే చెప్పండి. దొంగల కోసం పెట్టిన పెట్టెతో ఇంటివారి మీద నిఘా వేయడం మర్యాద కాదు.

పిల్లలూ, మీకు ఇంటిపని. పైన చేసిన డబ్బు లెక్కలో 400కు బదులు 100 వేసి మళ్ళీ కట్టండి. అమ్మగారు గెలుస్తారో, నాన్నగారు గెలుస్తారో చూడండి. మన చేతికి వచ్చే జవాబు, మనం వేసిన అంకెను బట్టి ఎలా తిరగబడుతుందో తెలుస్తుంది. ఎవరైనా ఒక యంత్రం అమ్మడానికి వచ్చి లెక్క చూపితే, "ఈ అంకె ఎక్కడిది?" అని అడగడం నేర్చుకోండి.