మంటలకు లెక్క ఉంది, పొగకు లేదు

వేసవి వస్తే ఉత్తరాఖండ్ అడవులు అంటుకోవడం ఆనవాయితీగా మారింది. 2024 ఏప్రిల్‌లో నైనితాల్ పరిసరాల్లో మంటలార్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లను రప్పించవలసి వచ్చింది. ఆ జూన్‌లో అల్మోడా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయిన అటవీ సిబ్బంది ప్రాణాలే కోల్పోయారు.

మంటల జాడ తీయడంలో దేశం వెనుకబడి లేదు. ఉపగ్రహాలు నిప్పును గుర్తించగానే డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ సెల్‌ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది. ఎన్ని హెక్టార్లు దగ్ధమైనదీ లెక్క తేలుతోంది. కానీ రోజుల తరబడి ఆ పొగలో బతికిన కొండ పల్లెలు ఎంత విషం పీల్చాయో చెప్పే ఏర్పాటు మాత్రం నామమాత్రమే.

2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమానికి ఈ రాష్ట్రం నుంచి ఎంపికైనవి డెహ్రాడూన్, రిషికేశ్, కాశీపూర్. మూడూ పట్టణాలే. వాహనాలు, కర్మాగారాల కాలుష్యాన్ని దృష్టిలో ఉంచుకున్న పథకంలో అడవి పొగకు చోటు దక్కకపోవడం విచిత్రం కాదు, విచారకరం.

పొగలో ప్రమాదకరమైనవి 2.5 మైక్రాన్లకు మించని సూక్ష్మ కణాలు. అవి ఊపిరితిత్తుల లోతుల్లోకి చొరబడతాయి. ఘనపు మీటరు గాలిలో ఇవి 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదని మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్దేశించిన పరిమితి 15 మాత్రమే. రాత్రివేళ చల్లగాలి లోయల్లో పొగను అణచిపెడుతుంది. ఉపగ్రహం పైనుంచి పొగను చూడగలదే కాని, ముక్కు ఎత్తున గాలి ఎలా ఉందో సూటిగా కొలవలేదు.

ప్రామాణిక యంత్రాలు ఖరీదైనవన్నది నిజమే. చౌక పరికరాలు గాలిలో తేమ పెరిగితే తప్పుడు అంకెలు చూపుతాయన్నదీ నిజమే. అయితే జిల్లాకొక ప్రామాణిక యంత్రాన్ని నెలకొల్పి, దానితో సరిచూసిన చౌక పరికరాలను పాఠశాలల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అమర్చడం అసాధ్యమేమీ కాదు. పిల్లలను ఆరుబయట ఆడనివ్వాలా, ఉబ్బస రోగులను ఇల్లు కదలవద్దనాలా అన్నది తేల్చుకోవడానికి ఆ మాత్రం సమాచారం చాలు.

అంకె లేని చోట బాధ్యత ఉండదు. బాధ్యత లేని చోట సహాయమూ అందదు. అధికారికంగా కార్చిచ్చు కాలం ఏటా ఫిబ్రవరి 15న మొదలవుతుంది. వచ్చే ఏడాది ఆ తేదీ నాటికైనా కొండ పల్లెల గాలిని కొలిచే ఏర్పాటు జరగాలి. చెట్లకు కట్టే లెక్క మనుషుల ఊపిరికీ కట్టడం ప్రభుత్వాల కనీస ధర్మం.